గ్యాస్ పొయ్యి ఇగ్నైటర్: పనితీరు, లోపాలు, మార్పిడి

గ్యాస్ పొయ్యిని అగ్గిపుల్లతోనో విడి లైటరుతోనో కాకుండా, పొయ్యిలోనే పుట్టిన నిప్పురవ్వతో వెలిగించే భాగాన్ని ఇగ్నైటర్ అంటారు. నాబ్ తిప్పినప్పుడు లేదా మీట నొక్కినప్పుడు కొన్ని వేల వోల్టుల విద్యుత్ పీడనం పుడుతుంది. అది ఒక తీగ గుండా బర్నర్ పక్కనున్న లోహపు పుల్లకు (ఎలక్ట్రోడ్) చేరి, అక్కడి నుంచి గాలిని చీల్చుకుంటూ బర్నర్ మీదికి దూకుతుంది. ఆ రవ్వ తగిలి గ్యాస్ అంటుకుంటుంది. ఇగ్నైటర్ ఉన్న పొయ్యిని బజారులో ‘ఆటో స్టవ్’ అని, లేనిదాన్ని ‘మాన్యువల్’ అని పిలుస్తారు. మాంసం, కూరగాయలు కాల్చుకునే గ్యాస్ గ్రిల్లులోనూ ఇదే ఏర్పాటు ఉంటుంది. గ్రిల్లు ఆరుబయట ఎండకూ వానకూ ఉంటుంది కాబట్టి దానికి వచ్చే ఇబ్బందులు కొంత వేరు (చూడు: గ్యాస్ గ్రిల్లు ఇగ్నైటర్).

చరిత్ర

చెకుముకి రాయి, ఇనుపముక్క, దూది కలిపి నిప్పు పుట్టించడం తెలుగు పల్లెల్లో అగ్గిపెట్టె రాకముందు నుంచీ ఉన్న పద్ధతి. రాపిడితో వెలిగే అగ్గిపుల్లను ఇంగ్లండులో జాన్ వాకర్ 1826లో కనిపెట్టాడు. శివకాశిలో అగ్గిపెట్టెల తయారీ 1923లో మొదలైంది. దక్షిణాది వంటిళ్లలో కట్టెల పొయ్యికి, వత్తుల స్టవ్వుకు, పంపు స్టవ్వుకు అగ్గిపుల్లే ఆధారమైంది. ఆస్ట్రియా రసాయనవేత్త కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాఖ్ 1903లో రూపొందించిన ఫెర్రోసీరియం మిశ్రలోహం చెకుముకికి ఆధునిక రూపం. సిగరెట్ లైటర్లలో ‘రాయి’ అని పిలిచేది దీన్నే.

ఇప్పటి ఇగ్నైటర్ మూలాలు మాత్రం ఇంకోచోట ఉన్నాయి. కొన్ని స్ఫటికాలను గట్టిగా నొక్కితే వాటి ముఖాల మీద విద్యుదావేశం కనిపిస్తుందని ఫ్రాన్సులో జాక్ క్యూరీ, పియర్ క్యూరీ సోదరులు 1880లో చూపించారు. దీనికి పీజో విద్యుత్ ప్రభావం అని పేరు. వారు పరిశీలించిన వాటిలో క్వార్ట్జ్, టూర్మలీన్ ఉన్నాయి. వంటింటి అవసరానికి కావలసినంత బలమైన పదార్థం మాత్రం 1950ల దాకా దొరకలేదు. ఆ దశాబ్దంలో వెలుగుచూసిన లెడ్ జిర్కొనేట్ టైటనేట్ అనే పింగాణీ పదార్థంతో చిన్న సుత్తి దెబ్బకే వేల వోల్టులు పుట్టించడం తేలికైంది. లైటర్లలో, పొయ్యిల్లో నేటికీ ఎక్కువగా వాడుతున్నది ఇదే.

భారతదేశంలో వంటగ్యాసును 1950ల మధ్యలో బర్మా షెల్ సంస్థ బొంబాయిలో అమ్మడం మొదలుపెట్టింది. ఇండియన్ ఆయిల్ సంస్థ ఇండేన్ సిలిండరును 1965లో కలకత్తాలో విడుదల చేసింది. చాలాకాలం వంటగ్యాసు పట్టణ మధ్యతరగతి వస్తువుగానే ఉండిపోయింది.

బాసర ప్రాంతంలో వాడకం

గ్యాసు పట్టణం దాటి పల్లెకు ఎలా చేరిందో చూడటానికి బాసర ఒక ఉదాహరణ. ఇది గోదావరి ఒడ్డున, నిర్మల్ జిల్లాలో ఉంది. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగేదాకా ఇది ఆదిలాబాద్ జిల్లాలో భాగం. అడవి దగ్గరగా ఉండటంతో ఉమ్మడి ఆదిలాబాద్ పల్లెల్లో కట్టెల పొయ్యి చాలాకాలం నిలిచింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1999లో మహిళా సంఘాల సభ్యుల కోసం మొదలుపెట్టిన దీపం పథకం, కేంద్ర ప్రభుత్వం 2016 మే 1న ప్రారంభించిన ఉజ్వల యోజన గ్యాసును పల్లె ఇళ్లకు చేర్చాయి. తెలంగాణ ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో మహాలక్ష్మి పథకం కింద అర్హులైన కుటుంబాలకు 500 రూపాయలకు సిలిండర్ ఇవ్వడం మొదలుపెట్టింది.

కనెక్షన్ ఉన్నంతమాత్రాన ఇగ్నైటర్ ఉంటుందని కాదు. తక్కువ ధర పొయ్యిల్లో అది ఉండదు. వాటి పక్కన గోడకు వేలాడే తుపాకీ లైటరులోనూ పీజో యంత్రాంగమే ఉంటుంది, కాకపోతే అది పొయ్యి బయట ఉంటుంది. గాజు పలక పొయ్యిలు, బండలోకి దింపే హాబ్‌లు వచ్చాక ఇగ్నైటర్ మామూలు విషయమైంది. దాంతో పాటే స్టవ్ మెకానిక్కుల దగ్గర ‘టిక్ టిక్ అంటోంది కానీ వెలగట్లేదు’ అనే ఫిర్యాదూ మామూలైంది.

బాసరలో వంట రెండు రకాలుగా సాగుతుంది. ఇళ్లలో 14.2 కిలోల సిలిండర్ మీద రెండు, మూడు బర్నర్ల పొయ్యి ఉంటుంది. సరస్వతీ ఆలయానికి వచ్చే భక్తుల మీద ఆధారపడిన హోటళ్లలో, టిఫిన్ సెంటర్లలో 19 కిలోల వాణిజ్య సిలిండర్ మీద పెద్ద బట్టీ బర్నర్లు ఉంటాయి. వసంత పంచమికి, దసరా నవరాత్రులకు అక్షరాభ్యాసాల రద్దీలో ఈ పొయ్యిలు తెల్లవారుజాము నుంచే మండుతుంటాయి. బట్టీ పొయ్యిల్లో చాలావాటికి ఇగ్నైటర్ ఉండదు. పొడుగు లైటరుతోనో, పక్కనే ఎప్పుడూ సన్నగా మండే పైలట్ మంటతోనో వాటిని వెలిగిస్తారు. ఈ వ్యాసం ప్రధానంగా ఇంటి పొయ్యికి సంబంధించినది.

రకాలు

పీజో ఇగ్నైటరుకు బ్యాటరీ అక్కర్లేదు. ఒక్కో నాబ్ కింద ఒక్కో పీజో పెట్టె ఉంటుంది. నాబ్ తిప్పితే ఒకసారి ‘టక్’ మని ఒక్క రవ్వ వస్తుంది. వెలగకపోతే మళ్లీ తిప్పాలి. భారతీయ గాజు పలక పొయ్యిల్లోని ఆటో రకాల్లో ఇది విరివిగా కనిపిస్తుంది.

పల్స్ ఇగ్నైటర్ 1.5 వోల్టుల బ్యాటరీతోనో కరెంటుతోనో నడుస్తుంది. నొక్కి ఉంచినంతసేపు వరసగా రవ్వలు వస్తూనే ఉంటాయి. హాబ్‌లలో ఇది ఎక్కువ. ఒక్క నాబ్ నొక్కినా అన్ని బర్నర్ల దగ్గరా రవ్వలు రావడం ఈ రకంలో సహజం, అది లోపం కాదు. కొత్తగా హాబ్ కొన్నవారు దీన్ని చెడిపోవడంగా పొరబడుతుంటారు.

వేడి ఉపరితలపు ఇగ్నైటర్ అనే మూడో రకం రవ్వను పుట్టించదు. దానిలోని మూలకం ఎర్రగా కాలి గ్యాసును అంటిస్తుంది. ఓవెన్లలో, కొన్ని విదేశీ గ్రిల్లుల్లో తప్ప ఇక్కడి పొయ్యిల్లో ఇది కనిపించదు.

పనితీరు

పీజో పెట్టె లోపల ఒక స్ప్రింగు, చిన్న ఉక్కు సుత్తి, వేలిగోరంత పింగాణీ కడ్డీ ఉంటాయి. నాబ్ తిరిగేకొద్దీ దాని ఇరుసు మీది మెట్టు స్ప్రింగును నొక్కుతుంది. ఒక హద్దు దాటగానే గొళ్లెం విడిపోయి సుత్తి కడ్డీని కొడుతుంది. ఆ దెబ్బకు కడ్డీ రెండు కొనల మధ్య పది వేల వోల్టులు, అంతకు మించి కూడా పుడుతుంది. అంత వోల్టేజి ఉన్నా విద్యుత్ పరిమాణం అతి స్వల్పం, అదీ సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువసేపే. చేతికి తగిలితే చురుక్కుమంటుంది.

పొడి గాలి ఒక మిల్లీమీటరుకు సుమారు 3,000 వోల్టుల దాకా తట్టుకుని, ఆపైన విద్యుత్తుకు దారి ఇస్తుంది. ఎలక్ట్రోడ్ కొసకూ బర్నరుకూ మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచడానికి కారణం ఇదే. ఖాళీ మరీ ఎక్కువైతే రవ్వ దూకదు. మరీ తక్కువైతే దూకుతుంది కానీ పొట్టిగా ఉండి, చుట్టూ ఉన్న చల్లని లోహానికి వేడి పోగొట్టుకుని గ్యాసును అంటించలేదు. ప్రొపేన్, గాలి తగిన పాళ్లలో కలిసిన చోట మంట పుట్టడానికి మిల్లీజౌలులో నాలుగో వంతు శక్తి సరిపోతుంది. అందుకే బాగున్న ఇగ్నైటర్ మొదటి టక్కుకే వెలిగిస్తుంది.

అయితే ‘తగిన పాళ్లు’ అన్నదే అసలు షరతు. వంటగ్యాస్ గాలిలో సుమారు 2 నుంచి 9 శాతం మధ్య ఉన్నప్పుడే అంటుకుంటుంది. నాబ్ తిప్పిన వేగానికి గ్యాస్ బర్నర్ రంధ్రాల దాకా రాకముందే పీజో టక్కుమంటే రవ్వ వృథా అవుతుంది. సిలిండర్ మార్చిన వెంటనే గొట్టంలో గాలి నిండి ఉండటం వల్ల మొదటి రెండు మూడు టక్కులకు వెలగకపోవడమూ ఇందుకే.

విద్యుత్తు బయల్దేరిన చోటికి తిరిగి చేరాలి. ఎలక్ట్రోడ్ నుంచి బర్నర్ మీదికి దూకిన రవ్వ మిక్సింగ్ ట్యూబు (గ్యాసు, గాలి కలిసే గొట్టం), పొయ్యి చట్రం మీదుగా పీజో పెట్టెకు చేరితేనే చక్రం పూర్తవుతుంది. స్టీలు పొయ్యిలో ఒళ్లంతా లోహమే కాబట్టి ఈ దారికి ఢోకా లేదు. గాజు పలక పొయ్యిలో గాజు విద్యుత్తును పోనివ్వదు. లోపలి చట్రం స్క్రూ వదులైనా, తుప్పు పట్టినా దారి తెగిపోతుంది. తీగ, ఎలక్ట్రోడ్, పీజో మూడూ బాగున్నా రవ్వ రాని వింత కేసుల్లో కారణం తరచుగా ఇదే అవుతుంది.

లోపాలు, వాటి కారణాలు

ఇగ్నైటర్ పనిచేయడం లేదన్న ఫిర్యాదుల్లో పీజో పెట్టె చెడిపోయినవి తక్కువ. మురికి, తడి, వదులైన తీగ, మూసుకుపోయిన రంధ్రం ఎక్కువ. మెకానిక్ సంచిలో కొత్త ఇగ్నైటరు కంటే పాత టూత్ బ్రష్షుకే పని ఎక్కువ పడుతుంది.

పొంగిన పాలు, అన్నం గంజి, పప్పు నీళ్లు ఎలక్ట్రోడ్ చుట్టూ ఉన్న తెల్లని పింగాణీ తొడుగు మీద ఎండిపోయి నల్లటి పొరగా మారతాయి. మాడిన పిండి పదార్థంలో ఉండే కార్బన్ విద్యుత్తుకు దారి ఇస్తుంది. అప్పుడు రవ్వ కొస నుంచి దూకకుండా తొడుగు పైనుంచి పాకి చట్రంలోకి పోతుంది. పొయ్యి కడిగిన వెంటనే వెలగకపోవడం కూడా ఇటువంటిదే, ఆరితే సర్దుకుంటుంది. వానాకాలంలో తేమ వల్ల ఈ ఇబ్బంది పెరుగుతుంది. గోదావరి పక్క ఇళ్లలో జులై నుంచి సెప్టెంబరు దాకా పొద్దున్నే మొదటి టక్కులు వృథా పోవడం, మధ్యాహ్నానికి అదే పొయ్యి చక్కగా వెలగడం చూస్తే కారణం తేమేనని నిర్ధారించవచ్చు.

పింగాణీ తొడుగుకు సన్నని పగులు వస్తే మురికిలా తుడిచి బాగుచేయలేం. వేడిగా ఉన్నప్పుడు తడి గుడ్డ పెట్టి తుడవడం, బర్నర్ తలను జారవిడిచి కొట్టడం పగుళ్లకు ముఖ్య కారణాలు. రవ్వ పగులులోంచి పక్కకు పోతుంది. చీకట్లో చూస్తే తొడుగు మధ్యలో నీలి మెరుపు కనిపిస్తుంది.

తీగ మీది సిలికాన్ రబ్బరు వేడికి ఎండి చిట్లుతుంది. ఎలుకలు కొరకడం ఇంకో కారణం. పొయ్యి కింద తీగ కొరికిన గుర్తు కనిపిస్తే, ఆ ఎలుక గ్యాస్ గొట్టాన్నీ వదిలిపెట్టి ఉండదని అనుమానించి గొట్టమంతా పరిశీలించాలి.

పీజో పెట్టెలో స్ప్రింగు విరిగితే టక్కుమనే చప్పుడే రాదు. కడ్డీ చిట్లితే చప్పుడు వస్తుంది కానీ రవ్వ రాదు, లేదా పలచగా వస్తుంది. నాబ్ లోపలి ప్లాస్టిక్ అరిగి ఇరుసు మీద ఊరికే తిరగడం కూడా చప్పుడు లేకపోవడానికి కారణం కావచ్చు. పల్స్ రకంలో టిక్ టిక్ నెమ్మదిస్తే బ్యాటరీ అయిపోతున్నట్టు. నాబ్ వదిలినా టిక్ టిక్ ఆగకపోతే నాబ్ కింది మైక్రో స్విచ్చులో నీళ్లు చేరినట్టు.

గ్యాస్ వైపు లోపాలను ఇగ్నైటర్ ఖాతాలో వేయడం తరచూ జరిగే పొరపాటు. ఎలక్ట్రోడ్ ఎదురుగా ఉన్న బర్నర్ రంధ్రాలు మాత్రమే మూసుకుపోతే, మిగతా చోట్ల గ్యాస్ వస్తున్నా రవ్వ ఉన్నచోట ఉండదు. బర్నర్ తల గాడిలో సరిగా కూర్చోకపోయినా అంతే. జెట్‌లో నలుసు చేరినా, రెగ్యులేటర్ నాబ్ పూర్తిగా తిరగకపోయినా గ్యాస్ తగ్గి వెలగదు.

లోపాన్ని పట్టుకునే క్రమం

మొదటి పని వాసన చూడటం. వంటగ్యాసుకు స్వతహాగా వాసన ఉండదు. లీకు తెలిసేందుకు మెర్కాప్టాన్ అనే ఘాటైన పదార్థాన్ని కలుపుతారు. గ్యాస్ గాలి కంటే బరువు, కాబట్టి నేల మీద పేరుకుంటుంది. వాసన వస్తుంటే ఇగ్నైటరును పరీక్షించకూడదు, ఎందుకంటే దాని పనే రవ్వ పుట్టించడం. రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు, తలుపులు తెరిచి, కరెంటు స్విచ్చులు వేయకుండా, తీయకుండా బయటికి వచ్చి 1906 అత్యవసర నంబరుకు గానీ పంపిణీదారుకు గానీ చెప్పాలి.

వాసన లేనప్పుడు అసలు పరీక్ష చీకట్లో జరుగుతుంది. సిలిండర్ రెగ్యులేటర్ కట్టేసి, గొట్టంలో మిగిలిన గ్యాసును ఒక బర్నర్ వెలిగించి పూర్తిగా మండనిచ్చి, అన్ని నాబ్‌లూ మూసి, వంటిల్లు చల్లబడి గాలి మారాక దీపం ఆర్పి నాబ్ తిప్పాలి. రవ్వ ఎక్కడ పుడుతుందో కంటితో చూస్తే సగం నిర్ధారణ అయిపోయినట్టే. కొస నుంచి బర్నరుకు గట్టిగా నీలంగా దూకితే ఇగ్నైటర్ బాగున్నట్టు, అప్పుడు బర్నర్ రంధ్రాలు, జెట్ చూడాలి. తొడుగు మీదో, తీగ మధ్యలోనో మెరిస్తే ఆ చోటే లోపం. చప్పుడు వచ్చి ఎక్కడా మెరుపు లేకపోతే తీగ ఊడిందో, చట్రం దారి తెగిందో, కడ్డీ చిట్లిందో తేలాలి.

దీన్ని తేల్చడానికి మార్పిడి పరీక్ష చాలా నమ్మకమైనది. ఎడమ బర్నర్ తీగను కుడి పీజో పెట్టెకు, కుడి తీగను ఎడమ పెట్టెకు తగిలించి చూస్తారు. లోపం ఎడమ బర్నర్ దగ్గరే ఉండిపోతే తీగో, ఎలక్ట్రోడో చెడిపోయినట్టు. కుడి బర్నరుకు మారితే ఎడమ పీజో పెట్టె పోయినట్టు. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా ఏ భాగం కొనాలో దీంతో తెలుస్తుంది. తీగ లోపల తెగిందా అన్నది మల్టీమీటరుతో చూడవచ్చు. రవ్వ వోల్టేజిని మాత్రం దానితో కొలవకూడదు, మీటర్ పాడవుతుంది.

మార్పిడి విధానం

కొనేముందు పాత భాగాన్ని విప్పి దుకాణానికి తీసుకుపోవడం మేలు. ఎలక్ట్రోడ్ పొడవు, తొడుగు మందం, తీగ చివరి బిళ్ల వెడల్పు కంపెనీని బట్టి మారతాయి. ఫొటో చూపి కొన్న భాగం సరిపోక మళ్లీ తిరగాల్సి రావడం బాసర వంటి చిన్న ఊళ్లలో ఇబ్బందే, నిజామాబాదో, భైంసానో పోవాల్సి వస్తుంది.

రెగ్యులేటరును సిలిండర్ నుంచి తీసి, వాల్వుకు రక్షణ మూత పెట్టి, పొయ్యి నుంచి గొట్టం విడదీస్తారు. గిన్నె స్టాండ్లు, బర్నర్ తలలు, కింది ప్లేట్లు తీసి, నాబ్‌లను నిటారుగా లాగి ఊడదీస్తారు. మందపాటి దుప్పటి పరిచి పొయ్యిని బోర్లా పెట్టి అడుగు రేకు విప్పుతారు. గాజు పలక అంచు మీద బరువు పడకూడదు. తీగలు ఎలా పోతున్నాయో విప్పేముందు ఫోనులో ఫొటో తీసుకోవాలి.

ఎలక్ట్రోడ్‌ను ఒక స్క్రూ గానీ, క్లిప్పు గానీ మిక్సింగ్ ట్యూబు దగ్గర పట్టి ఉంచుతుంది. తీగను బిళ్ల దగ్గర పట్టి లాగాలి, రబ్బరును పట్టి లాగితే లోపల తెగుతుంది. కొత్తది అమర్చేటప్పుడు స్క్రూ అతిగా బిగిస్తే పింగాణీ అక్కడే పగులుతుంది. కొస బర్నర్ రంధ్రాల వరస వైపు తిరిగి, 3 నుంచి 5 మిల్లీమీటర్ల ఎడంలో ఉండాలి. ఖాళీ సరిచేయడానికి కొస లోహాన్ని కొద్దిగా వంచవచ్చు, పింగాణీ మీద ఒత్తిడి పడకుండా చూసుకోవాలి.

పీజో పెట్టె గ్యాస్ కాక్ పక్కన రెండు స్క్రూలతోనో, క్లిప్పుతోనో ఉంటుంది. దాన్ని మాత్రమే తీయాలి, కాకును విప్పకూడదు. కాకు లోపలి శంకు ఆకారపు బిరడా వేడిని తట్టుకునే ప్రత్యేక గ్రీజుతో గ్యాసును ఆపుతుంది. అది కదిలితే లీకు మొదలవుతుంది, కాబట్టి కాకు పని శిక్షణ ఉన్న మెకానిక్కుకే వదిలేయాలి. తీగను మిక్సింగ్ ట్యూబుకు తగలకుండా పాత దారిలోనే పోనిచ్చి క్లిప్పుల్లో బిగించాలి. చిట్లిన తీగకు ఇన్సులేషన్ టేపు చుట్టడం పనికిరాదు. వేడికి జిగురు కరుగుతుంది, పది వేల వోల్టులను ఆ పొర ఆపలేదు కూడా.

గ్యాస్ కలపకముందే చీకట్లో రవ్వ చూస్తారు. ఆపైన గొట్టం బిగించి, రెగ్యులేటర్ తెరిచి, నాబ్‌లు మూసి ఉంచి కీళ్ల మీద సబ్బు నురుగు రాస్తారు. బుడగ లేస్తే లీకు ఉన్నట్టు. అగ్గిపుల్ల మంటతో లీకు వెతకడం ప్రాణాపాయం. గొట్టానికి ఐ.ఎస్. 9573 ప్రమాణం వర్తిస్తుంది, సురక్ష గొట్టాన్ని ఐదేళ్లకోసారి మార్చాలన్నది నియమం. పొయ్యి అడుగు విప్పినప్పుడే గొట్టం మీది గడువు చూసుకోవచ్చు. పొయ్యికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 4246. అది పొయ్యి ఉష్ణ సామర్థ్యం కనీసం 68 శాతం ఉండాలని నిర్దేశిస్తుంది.

గ్యాస్ గ్రిల్లు ఇగ్నైటర్

గ్యాస్ గ్రిల్లు తెలంగాణలో రిసార్టులకు, కొన్ని నగర హోటళ్లకు పరిమితం. అమెరికాలో స్థిరపడిన తెలుగువారి పెరళ్లలో మాత్రం అది సాధారణ వస్తువు. వేసవిలో చికెన్, పనీర్, మక్క కంకులు దాని మీదే కాలుతాయి. ప్రొపేన్ సిలిండర్, రెగ్యులేటర్, మూడు నాలుగు పొడుగు బర్నర్లు, పైన మూత దాని అమరిక. ముందు పలక మీది మీటలో పీజో గానీ, చిన్న బ్యాటరీతో నడిచే పల్స్ పెట్టె గానీ ఉంటుంది.

గ్రిల్లులో ఎలక్ట్రోడ్ కారే కొవ్వుకు, తుప్పుకు దగ్గరగా ఉంటుంది. చాలా రకాల్లో దాని చుట్టూ గ్యాసును పోగుచేసే చిన్న రేకు గూడు ఉంటుంది. రవ్వ ఆ గూడు గోడకు దూకాలి. గూడు వంగినా, మసి నిండినా వెలగదు. బ్యాటరీ రకంలో మీట మూత విప్పితే బ్యాటరీ కనిపిస్తుంది, చలికాలం వాడకుండా వదిలేసిన గ్రిల్లులో అది కారి స్పర్శ బిళ్లలను పచ్చగా తినేస్తుంది. అలాంటప్పుడు కొత్త బ్యాటరీ ఒక్కటే చాలదు, బిళ్లలనూ గీకి శుభ్రం చేయాలి. బర్నర్ గొట్టం నోట్లో సాలెగూళ్లు పేరుకోవడం ఇంకో ప్రత్యేక సమస్య. గ్యాస్ వెనక్కి తన్ని పలక కింద మంట రావడానికి అవి కారణమవుతాయి కాబట్టి, ఏడాదికోసారైనా సన్నని బ్రష్షుతో తుడవాలి.

గ్రిల్లును మూత తెరిచే వెలిగించాలి. మూత కింద పోగైన గ్యాసుకు రవ్వ తగిలితే పేలుడుకు దారితీస్తుంది. ఐదారు సెకన్లలో వెలగకపోతే నాబ్ మూసి, ఐదు నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నించాలి. ఇగ్నైటర్ మార్చేదాకా గ్రిల్లు వాడాలంటే, పక్కన ఉండే చిన్న రంధ్రంలోంచి పొడుగు అగ్గిపుల్ల మంటను ముందుగా బర్నర్ దగ్గర పెట్టి, తర్వాత నాబ్ తిప్పాలి.